కొత్త టెనార్ శాక్సోఫోన్, అనుభవం గల చేయి

టెనార్ శాక్సోఫోన్ ఇత్తడితో చేసిన ఊదుడు వాద్యం. లోహంతో చేసినదే అయినా సంగీతజ్ఞులు దాన్ని ట్రంపెట్ పక్కన కాకుండా క్లారినెట్, సన్నాయిల పక్కన నిలబెడతారు. అందులో నాదం పుట్టించేది ఇత్తడి కాదు, మౌత్‌పీస్‌కు బిగించిన రీడ్. రెల్లు జాతి బొంగును పలచగా చెక్కి చేసిన ఆ చిన్న ముక్క ఊపిరి తగలగానే కంపిస్తుంది. ఆ కంపనం వంపు తిరిగిన నెక్ గుండా, పోనుపోను వెడల్పయ్యే శంకువు ఆకారపు గొట్టంలోని గాలిని కదిలిస్తుంది. గొట్టం మీద ఇరవైకి పైగా రంధ్రాలున్నాయి. వాటిని నాదస్వరంలో లాగా వేళ్లతో నేరుగా మూయడం సాధ్యం కాదు, అవి అంత పెద్దవి. అందుకే ప్రతి రంధ్రం మీదా తోలు ప్యాడ్ తొడిగిన మూత, ఆ మూతలను నడిపే కీలు, వాటిని వెనక్కి లాగే సన్నని ఉక్కు స్ప్రింగులు ఉంటాయి.

ఈ కుటుంబంలో ఎక్కువగా కనబడేవి నాలుగు: సొప్రానో, ఆల్టో, టెనార్, బారిటోన్. వేళ్ల అమరిక నాలుగింటికీ ఒకటే, కాబట్టి ఒకటి వచ్చినవాడు మిగతావీ పట్టుకోగలడు. పట్టుకోగలడు గానీ వెంటనే పలికించగలడని కాదు. టెనార్ ఆల్టోకన్నా పొడవు, బరువు కూడా. ఆల్టో రెండున్నర కిలోలుంటే టెనార్ మూడున్నరకు అటూ ఇటూ తూగుతుంది. దాని అట్టడుగు స్వరం సెకనుకు దాదాపు 104 కంపనాలది, ఆల్టో అడుగు స్వరం దాదాపు 139 కంపనాలది. అంటే టెనార్ కింది స్వరాలు మగవాళ్ల గొంతులో బాగా కింది స్థాయికి సమానం. ఈ వాద్యం వినగానే ఎవరో మనిషి పాడుతున్నట్టు అనిపించడానికి ఇదొక ముఖ్య కారణం.

దీన్ని రూపొందించిన అడాల్ఫ్ సాక్స్ 1814లో బెల్జియంలోని దీనాన్ పట్టణంలో పుట్టాడు. క్లారినెట్ బాగా వాయించగల పనిమంతుడు. ఆరుబయట నడిచే సైనిక బ్యాండులో ఇత్తడి వాద్యాల హోరుకూ కర్ర వాద్యాల మెత్తదనానికీ మధ్య నిలిచే నాదం కావాలని ఆయన తపన. 1846లో ప్యారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఫ్రెంచి సైనిక బ్యాండులు దాన్ని ఆదరించాయి. ఆ తర్వాత అమెరికాలో జాజ్ సంగీతం టెనార్‌ను తలకెత్తుకుంది. కోల్‌మన్ హాకిన్స్ 1939లో రికార్డు చేసిన 'బాడీ అండ్ సోల్' తర్వాత టెనార్ పక్కవాద్యం కాదని, ఒంటరిగా ఒక కచేరీని మోయగలదని అందరూ ఒప్పుకున్నారు. లెస్టర్ యంగ్, జాన్ కోల్ట్రేన్, సోనీ రోలిన్స్ ముగ్గురూ టెనార్ మీదనే పేరు తెచ్చుకున్నారు. కోల్ట్రేన్ భారతీయ సంగీతాన్ని శ్రద్ధగా విన్నవాడు, రవిశంకర్ మీది గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు.

మన దేశానికి ఈ వాద్యం వచ్చిన దారి కూడా బ్యాండే. బ్రిటిషు పటాలాల బ్యాండులు, సంస్థానాల బ్యాండులు, వాటిని చూసి పట్టణాల్లో పుట్టిన పెళ్లి బ్యాండులు. ఖమ్మం జిల్లాలో బోనకల్, మధిర, వైరా చుట్టుపక్కల పల్లెల్లో పెళ్లి ఊరేగింపు అంటే డప్పు, సన్నాయి, డోలుతో పాటు బ్యాండు మేళం కూడా. అందులో పాట ఎత్తుకునేది క్లారినెట్, ట్రంపెట్, శాక్సోఫోన్. చాలా బృందాల్లో శాక్సోఫోన్ అంటే ఆల్టోయే. టెనార్ అరుదుగా వస్తుంది. వచ్చినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకునేది సాధారణంగా ఏళ్ల తరబడి క్లారినెట్టో ఆల్టోనో వాయించిన మనిషి. అలాంటి వాద్యకారుడు కొత్త టెనార్‌లో ఏం చూస్తాడు, ఏం వింటాడు, దేన్ని నమ్ముతాడు, దేన్ని నమ్మడు అన్నదే ఈ ప్రసంగ విషయం.

పెట్టె తెరవగానే కంటికి కొట్టేది మెరుపు. బంగారు రంగు లక్కపూత, బెల్ మీద చెక్కిన పూలతీగ, ముత్యపు చిప్పలా తళతళలాడే వేలి బిళ్లలు. అనుభవం లేనివాడి చూపు అక్కడే ఆగిపోతుంది. అనుభవం ఉన్నవాడు ముందుగా వాద్యాన్ని కంటి ఎదుట అడ్డంగా పట్టుకుని కొస నుంచి కొసకు చూస్తాడు. గొట్టం వంగిందా, పొడవాటి కడ్డీలు సమాంతరంగా ఉన్నాయా, వాటిని నిలబెట్టిన స్తంభాలు నిటారుగా ఉన్నాయా, అతుకుల దగ్గర టంకం శుభ్రంగా పడిందా. రవాణాలో పెట్టె కింద పడితే దెబ్బ మొదట తగిలేది బెల్ కీలకు, నెక్‌కు. నెక్ వంపు కొంచెం కుంగినా పైపూత పగలకపోవచ్చు, కానీ స్వరం మాత్రం పక్కకు జరుగుతుంది. పూత ఏ రంగుదన్నది అందానికీ తుప్పు పట్టకుండా కాపాడుకోవడానికీ సంబంధించిన మాట. నాదాన్ని నిర్ణయించడంలో పెద్ద వాటా గొట్టం లోపలి కొలతలది, రంధ్రాల చోటుది, మౌత్‌పీస్‌ది. వెండిపూత అయితే తియ్యగా, నల్లపూత అయితే గంభీరంగా పలుకుతుందని దుకాణంలో చెప్పే మాటల మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

తర్వాత మెడలో పట్టీ వేసుకుని వాద్యాన్ని ఒంటికి తగిలించుకోవడం. మూడున్నర కిలోలు చెప్పుకోవడానికి తక్కువే. రెండు గంటల ఊరేగింపులో మెడకు అదెంత బరువో వాయించినవాళ్లకే తెలుసు. అందుకే బ్యాండులో నడిచేవాళ్లు ఒంటి పట్టీ బదులు రెండు భుజాల మీదుగా వచ్చే పట్టీ అడుగుతారు, అది సరైన కోరిక. కుడి బొటనవేలు ఆనించే కొక్కెం జరిపి సర్దుకునే వీలు ఉందో లేదో చూడాలి. ఎడమ అరచేతికి తగిలే పై కీలు చేతి కొలతకు దగ్గరగా ఉన్నాయా, పెద్ద చేతులవాడికి అవి పొరపాటున తెరుచుకుంటాయా. ఎడమ చిటికెన వేలు ఒక్కటే జి షార్ప్, సి షార్ప్, బి, బి ఫ్లాట్ అనే నాలుగు కీలను నడపాలి. వాటి మధ్య వేలు జారడానికి పెట్టిన బిళ్లలు తేలిగ్గా దొర్లాలి. పాత కాలపు వాద్యాల్లో ఈ చిటికెన వేలి బల్ల చాలా బిగువుగా ఉండేది. ప్యారిస్‌లోని సెల్మర్ కంపెనీ 1936లో తెచ్చిన అమరిక, 1954లో వచ్చిన మార్క్ సిక్స్ నమూనా ఈ కష్టాన్ని బాగా తగ్గించాయి. ఇప్పుడు జపాన్‌లో తయారైనా, తైవాన్‌లోని హౌలీలో తయారైనా, చైనాలో తయారైనా కీల వరస చాలావరకు ఆ దారిలోనే ఉంటుంది. కాబట్టి కొత్త వాద్యం చేతికి ఒదగలేదంటే వాద్యకారుడి వేళ్లను నిందించే ముందు స్ప్రింగుల బిగువు చూడాలి. ఒక కీ మెత్తగా, పక్క కీ గట్టిగా ఉంటే వేగంగా వెళ్లేటప్పుడు వేళ్లు తడబడతాయి. స్ప్రింగులు సర్దడం పనివాడికి చిన్న పని.

ఇక అసలు పరీక్ష గాలి పోకుండా మూసుకోవడం. శాక్సోఫోన్ బాగోగుల్లో దీనికి మించినది లేదు. పెద్ద రంధ్రాలు, పెద్ద ప్యాడ్లు, వాటి అంచుల్లో ఎక్కడో వెంట్రుకవాసి సందు. ఆ సందు గుండా గాలి పోతే పై స్వరాలు బాగానే పలుకుతాయి, కింది స్వరాలు మొరాయిస్తాయి. కింది స్వరం కావాలంటే దానికి పైనున్న ప్యాడ్లన్నీ ఒకేసారి గట్టిగా మూసుకోవాలి గదా. పనివాళ్లు చీకటి గదిలో గొట్టం లోపలికి సన్నని దీపాల తీగ దించి, కీలు నొక్కి, ప్యాడ్ అంచుల్లో వెలుతురు కారుతుందేమో చూస్తారు. దీపం లేకపోతే సిగరెట్ కాగితం చాలు. సన్నగా కత్తిరించిన కాగితాన్ని ప్యాడ్ కింద ఒక పక్కన పెట్టి, కీ మెల్లగా నొక్కి, కాగితం లాగి చూడాలి. చుట్టూ నాలుగు వైపులా ఒకే బిగువుతో పట్టుకుంటే ప్యాడ్ బాగా కూర్చున్నట్టు. ఒక వైపు జారిపోతే అక్కడ సందున్నట్టు. గట్టిగా నొక్కితే ఏ ప్యాడైనా మూసుకుంటుంది, అందుకే వేలి బలం తగ్గించి చూడాలి. కొత్త వాద్యం కాబట్టి గాలి పోదనుకోవడం పొరపాటు. ఫ్యాక్టరీలో సరిగా కూర్చున్న ప్యాడ్ కూడా ఓడలో, లారీలో, ఎండలో, తేమలో ప్రయాణించి వచ్చేసరికి కదిలి ఉండవచ్చు.

ఊదే ముందు మరొక్క జాగ్రత్త. కొత్త వాద్యాన్ని కొత్త మౌత్‌పీస్‌తో, కొత్త రీడ్‌తో పరీక్షిస్తే ఏ గుణం దేనిదో తేలదు. నాదం బిగువుగా ఉంటే అది గొట్టం తప్పా, రీడ్ మందమా, మౌత్‌పీస్ ఇరుకా? అనుభవం గలవాళ్లు తమకు అలవాటైన టెనార్ మౌత్‌పీస్‌ను, కొన్నాళ్లు వాడి నమ్మకం కుదిరిన రీడ్‌ను వెంట తీసుకెళ్లేది ఇందుకే. ఆల్టో మౌత్‌పీస్ దీనికి పనికిరాదు, కొలత వేరు. సొంత టెనార్ మౌత్‌పీస్ లేనివాళ్లు తెలిసినవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకోవడం మేలు. పెట్టెతో పాటు వచ్చే మౌత్‌పీస్ చాలాసార్లు నేర్చుకునేవాళ్లకు తగ్గట్టు ఇరుకు మూతితో ఉంటుంది. మౌత్‌పీస్ కొసకూ రీడ్ కొసకూ మధ్య సందు శాస్త్రీయ బాణీకి చేసినవాటిలో ఒకటిన్నర మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటే, జాజ్ బాణీకి చేసినవాటిలో మూడు మిల్లీమీటర్ల దగ్గరి దాకా పోతుంది. సందు పెరిగిన కొద్దీ ఊపిరి ఎక్కువ కావాలి, బదులుగా పెదవితో స్వరాన్ని వంచే స్వేచ్ఛ పెరుగుతుంది. సందు పెద్దదైతే రీడ్ కొంచెం మెత్తనిది పెట్టుకోవాలి. ఈ లెక్క కుదరక పోగొట్టుకున్న నాదాన్ని వాద్యం లోపం కింద జమ కట్టినవాళ్లు చాలామంది.

మొదట ఊదే స్వరం గట్టిగా ఊదకూడదు. ఇది పెద్ద వాద్యకారులందరిలో కనబడే అలవాటు. గట్టిగా ఊదితే ప్రతి వాద్యమూ పలుకుతుంది, పలికి తన లోపాల్ని దాచుకుంటుంది. అన్ని వేళ్లూ మూసి, అట్టడుగు బి ఫ్లాట్‌ను వీలైనంత మెల్లగా, నాలుకతో కొట్టకుండా ఊపిరితోనే మొదలుపెట్టాలి. మంచి టెనార్ అయితే ఆ స్వరం మాట వినిపించినంత మెల్లగా కూడా పుడుతుంది, పుట్టి నిలబడుతుంది. లోపం ఉంటే పై స్థాయి స్వరం ముందు వచ్చేస్తుంది, లేదా నాదం నిలవకుండా గరగరలాడుతుంది. గరగరకు ముఖ్య కారణం ఎక్కడో గాలి పోవడం. గాలి పోకపోయినా కొన్ని వాద్యాల్లో బెల్ దగ్గరి స్వరాలు ఊగుతాయి. అప్పుడు మౌత్‌పీస్ నెక్ మీద మరీ బయటికి ఉందేమో చూసి, అప్పటికీ తగ్గకపోతే మౌత్‌పీస్ మూతను బెల్ అడుగున జారవిడిచి చూస్తారు. లోపలి ఖాళీ ఆ మేరకు తగ్గి ఊగు ఆగుతుంది. ఇది వాద్యకారుల పాత చిట్కా, పనిచేసే చిట్కా. అయితే కొత్తగా కొనబోయే వాద్యానికి మొదటిరోజే ఈ చిట్కా అవసరమైతే ఆలోచించుకోవలసిందే.

అడుగు నుంచి పైకి వచ్చేటప్పుడు మధ్యలో ఒక మెట్టు ఉంది. ఒక్క వేలూ వేయకుండా పలికే సి షార్ప్, దాని పక్కనే ఆరు వేళ్లూ మూసి పై స్థాయి కీ నొక్కి పలికే డి. మొదటిదానికి గొట్టంలో చిన్న ముక్కే కదులుతుంది, రెండోదానికి పొడవాటి గొట్టమంతా. అందుకే మొదటిది పలచగా, రెండోది ముక్కు మూసుకున్నట్టుగా ఉంటుంది. ఈ తేడా ఏ శాక్సోఫోన్‌లోనూ పూర్తిగా పోదు. ఎంత తక్కువగా ఉందన్నదే తయారీదారు నేర్పుకు కొలత. అనుభవం గల చేయి ఈ రెండు స్వరాల మధ్య పదిసార్లు వెళ్లి వస్తుంది. పై స్థాయి కీ ఒక్కటే అయినా దాని కింద తెరుచుకునే సన్నని రంధ్రాలు రెండు, ఒకటి నెక్ మీద, ఒకటి గొట్టం మీద. జి నుంచి ఏకు మారేటప్పుడు ఒకటి మూసుకుని మరొకటి తెరుచుకోవాలి. ఆ మార్పు తడబడితే స్వరం కీచుమంటుంది. నెక్ బిగించేటప్పుడు చెయ్యి ఆ కీ మీద పడి వంచేస్తే కొత్త వాద్యానికి మొదటి రోజే ఈ జబ్బు వస్తుంది. ఇక జి షార్ప్ కీ. అది ఎప్పుడూ మూసి ఉండే మూత కాబట్టి తేమకు అంటుకుపోయే గుణం దానిది. ఒక పూట వాయించాక తెరుచుకోవడం మానేస్తే తోలు తుడిస్తే చాలు, భయపడనక్కర్లేదు.

శ్రుతి విషయంలో కొత్త టెనార్ మీద తీర్పు ఒక్క స్వరంతో ఇవ్వకూడదు. రంధ్రాల స్థానాలు రాజీతో నిర్ణయించినవి. ప్రతి శాక్సోఫోన్‌లో కొన్ని స్వరాలు కాస్త ఎక్కువ, కొన్ని కాస్త తక్కువ. అరచేతి కీలతో పలికే పై స్వరాలు పైకి పోవాలని చూస్తాయి. పెదవి వాటిని దించి నిలబెట్టాలి. అవి ఏ తీరున తప్పుతున్నాయో గమనించడం ముఖ్యం. ఒకే దిశలో, ఊహించగలిగినట్టు తప్పే వాద్యానికి పెదవి నెల రోజుల్లో అలవాటు పడుతుంది. ఒక స్వరం ఎక్కువ, పక్కది తక్కువ, మళ్లీ ఎక్కువగా పోయే వాద్యంతో జీవితాంతం కుస్తీయే. ఫోన్‌లో ఉండే ట్యూనర్ చూస్తూ ఊదితే తెలియకుండానే పెదవి సర్దేస్తుంది. కాబట్టి కళ్లు మూసుకుని స్వరం నిలబెట్టి, తర్వాత తెరిచి ముల్లు చూడడమే సరైన పద్ధతి.

మన సంగీతం వాయించేవాడికి టెనార్ ఇచ్చే అసలు వరం ఇక్కడే ఉంది, అందుకే ఈ లెక్క వివరంగా చెప్పుకోవాలి. టెనార్ బి ఫ్లాట్ వాద్యం. దాని మీద సి వేళ్లు వేస్తే హార్మోనియం మీద బి ఫ్లాట్, అంటే ఆరున్నర శ్రుతి స్వరం వినబడుతుంది. ఆల్టో మీద అదే వేళ్లకు ఇ ఫ్లాట్, రెండున్నర శ్రుతి. ఇప్పుడు మగవాళ్లు ఎక్కువగా పాడే ఒకటిన్నర శ్రుతి తీసుకుందాం. దాని మంద్ర పంచమం సరిగ్గా టెనార్ అట్టడుగు స్వరం. అక్కడి నుంచి పైకి మధ్య స్థాయి అంతా, తార స్థాయి అంతా దాటి, ఆ పై షడ్జాన్ని కూడా మించి గాంధారం దాకా టెనార్ మీద దొరుకుతుంది. గాయకుడు మంద్ర పంచమం నుంచి తార పంచమం దాకా పాడేదంతా ఏ కత్తిరింపూ లేకుండా టెనార్ పాడగలదు. అదే ఒకటిన్నర శ్రుతిలో ఆల్టో అట్టడుగు స్వరం మధ్య షడ్జమే. కిందికి ఒక్క స్వరమూ లేదు. అంటే మగ శ్రుతిలో ఆల్టో వాయించేవాడు మంద్రం వచ్చినచోటల్లా పాటను ఒక స్థాయి పైకి ఎత్తి వాయించాలి. ఆడవాళ్లు పాడే ఐదు శ్రుతిలో మాత్రం ఆల్టోకు మంద్ర పంచమం అందుతుంది. ఒకటి శ్రుతిలో టెనార్‌కు కూడా మంద్ర పంచమం ఒక్క మెట్టులో తప్పిపోతుంది. కొత్త టెనార్ చేతికి రాగానే తన బృందం ఏ శ్రుతిలో పాడుతుందో ఈ లెక్క వేసుకుంటే సగం చిక్కులు తీరతాయి. రెండు శ్రుతి పాటకు టెనార్ మీద షడ్జం ఇ. ఆల్టో మీద వాయించిన వేళ్లనే గుడ్డిగా టెనార్ మీద వేస్తే బృందమంతా అపశ్రుతి అవుతుంది. ఆల్టో నుంచి వచ్చినవాళ్లు మొదటి వారాల్లో పడే ఇబ్బంది ఎక్కువగా ఇదే.

గమకం సంగతి వేరు. కీ తెరుచుకుంటుంది లేదా మూసుకుంటుంది, వీణ తీగలాగా జారదు. నాదస్వరంలో వేలిని రంధ్రం మీద సగం తీసి స్వరాన్ని జార్చవచ్చు, పైగా జంట రీడ్ పెదవి మాట బాగా వింటుంది. శాక్సోఫోన్ మీద ఆ పని మూడు చోట్ల పంచుకోవాలి: పెదవి సడలింపు, గొంతు మలుపు, కీని మెల్లగా ఎత్తడం. పెదవితో స్వరాన్ని కిందికి దించడం తేలిక, పైకి ఎత్తడం కష్టం. కాబట్టి పై స్వరం వేళ్లు వేసి, కిందికి వాల్చి, మళ్లీ పైకి వదలడం వాద్యకారులు నేర్చుకున్న దారి. మంగళూరు ప్రాంతంలో నాదస్వర విద్వాంసుల ఇంట 1949లో పుట్టిన కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యం విని మనసు పారేసుకున్నారు. వాద్యంలో కర్ణాటక సంగీతానికి కావలసిన మార్పులు చేయించుకుని, కచేరీ వేదిక మీద దానికి పీట వేయించారు. 1994లో లండన్ బీబీసీ ప్రామ్స్‌లో వాయించారు. అదే ఏడాది కె. బాలచందర్ చిత్రం 'డ్యూయెట్'లో ఏ.ఆర్. రహమాన్ సంగీతానికి ఆయన శాక్సోఫోన్ ప్రాణమైంది. 2004లో పద్మశ్రీ, 2019లో అస్తమయం. ఆయన చేతిలోది ఆల్టో. మన పాలకొల్లు బిడ్డ యు. శ్రీనివాస్ మాండలిన్‌కు చేసినదీ, అంతకు ముందు తరాల వాళ్లు వయొలిన్‌కు చేసినదీ ఇలాంటి పనే. టెనార్‌కు ఆ స్థాయి విద్వాంసుడు ఇంకా రావలసి ఉంది. నాదం గొప్పదైనా ఆ స్థలం ఖాళీగా ఉండడం కొరతే.

ఖమ్మం జిల్లాలో కొత్త టెనార్‌ను మన సంగీతంతో పరీక్షించాలంటే రామదాసు కీర్తనలకన్నా మంచి ఒరగల్లు లేదు. రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లి ఈ జిల్లాదే, ఆ కీర్తనలు విననివాళ్లు ఇక్కడ ఉండరు, కాబట్టి తప్పు పలికితే వినేవాడికి వెంటనే తెలిసిపోతుంది. ఆ కీర్తనల్లో వినబడే నాదనామక్రియ నిషాదాంత్య రాగం, పై షడ్జానికి వెళ్లదు. టెనార్ మధ్యభాగంలో, నాదం బాగా నిండుగా ఉండే చోటే అది తిరుగుతుంది. దాన్ని ముందు వాయించాలి. ఆనందభైరవిలో గాంధారం ఒకచోట కూర్చోదు, మధ్యమాన్ని తాకుతూ పలుకుతుంది. ఆ ఊగు పెదవితో వస్తుందా, కీ చప్పుడు అడ్డం వస్తుందా, రీడ్ సహకరిస్తుందా అన్నది అక్కడ తేలుతుంది. సినిమా పాట వేగంగా వాయించి చూపించడంకన్నా విలంబంలో ఒక కీర్తన పల్లవి వాయిస్తే వాద్యం గుణం బాగా బయటపడుతుంది.

ఆరుబయట ఊరేగింపులో మాత్రం టెనార్ గురించి అతిగా ఆశపడకూడదు. డ్రమ్ముల మోతలో, మైకు పెట్టెల హోరులో చెవికి ముందు చేరేది పై స్వరాల పదును. అది ఆల్టోది, ట్రంపెట్‌ది. టెనార్ అక్కడ వాటి కింద నిండుదనం ఇస్తుంది గానీ పాటను ముందుండి నడపలేదు. గుడిలో, పందిట్లో, చర్చిలో, హాలులో మైకు ముందు నిలబడినప్పుడు అదే టెనార్ మిగతా వాద్యాలన్నిటినీ వెనక్కి నెడుతుంది.

ఈ ప్రాంతపు ఎండ కూడా వాద్యంలో భాగమే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు దాదాపు 0.6 మీటర్లు పెరుగుతుంది, దానితో ఊదుడు వాద్యాల శ్రుతి పైకి పోతుంది. కీబోర్డు శ్రుతి మాత్రం కదలదు. మే నెల మధ్యాహ్నం పెళ్లిలో టెనార్ కీబోర్డును దాటి పైకి పోతుంటే మౌత్‌పీస్‌ను నెక్ మీద బయటికి లాగాలి. దానికి నెక్ బెండు మీద చోటుండాలి. కొత్త వాద్యంలో బెండు మందంగా ఉండి మౌత్‌పీస్ కొంతే ఎక్కుతుంది. బలవంతంగా తిప్పితే బెండు చిరుగుతుంది, కొంచెం గ్రీజు రాసి మెల్లగా ఎక్కించాలి. చల్లని గదిలో సరిచూసిన శ్రుతిని ఎండలో నమ్మకూడదు. వానాకాలంలో తోలు ప్యాడ్లు తేమ పీల్చి ఉబ్బుతాయి. వాయించాక లోపలికి గుడ్డ లాగి తుడవాలి, రీడ్ తీసి ఆరబెట్టాలి. తడి రీడ్‌ను మౌత్‌పీస్‌కు బిగించే వదిలేస్తే అది వంకర తిరిగి, బూజు పడుతుంది. ఎండలో నిలిపిన వాహనంలో పెట్టె వదిలితే ప్యాడ్లను అంటించిన జిగురు మెత్తబడి, మూతలు కదులుతాయి.

మొదటి మూడు నాలుగు నెలలు కొత్త టెనార్ మారుతూనే ఉంటుంది. ప్యాడ్ల లోపలి ఉన్ని అణుగుతుంది, కీల కింద పెట్టిన బెండు ముక్కలు నలుగుతాయి, స్క్రూలు సడలుతాయి. మొదట్లో బాగా పలికిన కింది స్వరాలు రెండో నెలలో మొండికేస్తే వాద్యం చెడిపోయినట్టు కాదు, సర్దుబాటుకు వచ్చినట్టు. బోనకల్ స్టేషన్ కాజీపేట, విజయవాడ రైలు మార్గం మీదే ఉంది కాబట్టి విజయవాడలోనో హైదరాబాద్‌లోనో పనివాడి దగ్గరికి తీసుకెళ్లడం పెద్ద కష్టం కాదు. ఆ ఒక్క ప్రయాణం తప్పించుకోకూడదు. చాలామంది కొత్త వాద్యం వాయించగా వాయించగా తెరుచుకుంటుందని అంటారు. అందులో నిజం కొంత ప్యాడ్లు కుదురుకోవడం, ఎక్కువ భాగం వాద్యకారుడి ఊపిరి దానికి అలవాటు పడడం. అందుకని మొదటిరోజు అభిప్రాయాన్ని ఆఖరి మాటగా తీసుకోకుండా, కొన్ని వారాల తర్వాత అదే స్వరాలను అదే మౌత్‌పీస్‌తో మళ్లీ విని చూడడం న్యాయం.

కొనబోయే శ్రోతలు ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు. బ్యాండులో ముందు నిలబడి పాట ఎత్తుకోవలసినవాళ్లకు ఆల్టో ఉండాలి. మగ శ్రుతిలో కీర్తన, భావగీతం, నెమ్మదైన సినిమా పాట వాయించాలనుకునేవాళ్లకు టెనారే సరైనది. పెట్టె తెరిచిన చోటే అట్టడుగు బి ఫ్లాట్‌ను మెల్లగా ఊది చూడండి. అది బెదరకుండా పలికితే ఆ టెనార్ తీసుకోండి, పలకకపోతే పనివాడు సర్ది ఇచ్చేదాకా డబ్బు చెల్లించకండి.